క్వింటాల్‌లో ఎన్ని కిలోలు?

భారతదేశంలో ఈ ప్రశ్నకు చట్టం చెప్పే జవాబు ఒక్కటే: 100. 2025–26 పంటకాలానికి సాధారణ రకం వడ్లకు 2,369 రూపాయలు, ఏ గ్రేడుకు 2,389 రూపాయలు మద్దతు ధర అని కేంద్రం ప్రకటించిందంటే అది 100 కిలోల ధర. గుంటూరు మిర్చి యార్డులోనైనా, వరంగల్ ఎనుమాముల మార్కెట్లోనైనా, నిజామాబాద్ పసుపు మార్కెట్లోనైనా ‘కింటాకు ఇంత’ అన్నారంటే అర్థం అదే. ఇదే పేరుతో మధ్య అమెరికా కాఫీ రైతు తూచేది మాత్రం 46 కిలోలు. జర్మనీలో దీని సోదర పదానికి 50 కిలోలు, ఈజిప్టు పత్తి పొలంలో 157.5 కిలోలు. విదేశీ దిగుబడి లెక్కలనో ధరలనో మన లెక్కలతో పోల్చేటప్పుడు ఈ తేడా గమనించకపోతే ఫలితం సగానికి సగం తప్పుతుంది.

మన దగ్గర చిక్కు వేరే రకంది. క్వింటాల్ బరువు స్థిరంగానే ఉంది. కానీ ఆ 100 కిలోల్లో సంచి బరువు ఎంత, నీరు ఎంత, తాలు ఎంత, ‘తరుగు’ పేరుతో పోయేది ఎంత అన్నది కాంటా దగ్గర తేలుతుంది. రైతుకు చేతికొచ్చే డబ్బును నిర్ణయించేది అక్కడి లెక్కే.

వంద అని చెప్పే మాట, దేని వందో చెప్పని మాట

లాటిన్‌లో ‘కెంటుమ్’ అంటే వంద. సంస్కృత ‘శతం’, ఈ ‘కెంటుమ్’ ఒకే మూలం నుంచి చీలిన మాటలు. వందతో కూడినది అనే అర్థంలో లాటిన్ ‘కెంటెనారియుస్’ ఏర్పడి, బైజాంటియం కాలపు గ్రీకులో ‘కెంటెనారియోన్’ అయింది. అక్కడి నుంచి సిరియా ప్రాంతపు భాషల మీదుగా అరబ్బీలోకి ‘ఖింతార్’గా చేరింది. ఖుర్‌ఆన్‌లో ఈ మాట అపారమైన ధనరాశి అనే అర్థంలో కనిపిస్తుంది. మధ్యధరా రేవుల్లో అరబ్బు వర్తకులతో సాగిన బేరసారాల వల్ల ఇదే మాట తిరిగి యూరప్‌కు వెళ్లి, మధ్యయుగ లాటిన్‌లో ‘క్వింటాలే’ అయింది. ఫ్రెంచి, స్పానిష్, పోర్చుగీసు, ఇటాలియన్, ఇంగ్లిష్ రూపాలన్నీ దాని సంతానమే. జర్మన్ ‘త్సెంట్నర్’ మాత్రం అరబ్బీ దారి తొక్కకుండా లాటిన్ నుంచే నేరుగా వచ్చింది. రష్యన్‌లో వాడే ‘త్సెంట్నెర్’ ఆ జర్మన్ మాటే. ముందు అక్షరాలు చూసి, లాటిన్‌లో ‘అయిదవ’ అనే అర్థమున్న ‘క్వింటుస్’తో దీన్ని ముడిపెట్టేవాళ్లున్నారు. ఆ రెంటికీ సంబంధం లేదు.

ఈ ప్రయాణంలో పనికొచ్చే విషయం ఒకటుంది. ఈ పేరు వంద అని చెబుతుంది గానీ దేని వందో చెప్పదు. రోములో వంద లిబ్రాలు, కైరోలో వంద రత్ల్‌లు, పారిస్‌లో వంద లీవ్రులు. ఆయా ఊళ్ల పౌను బరువును బట్టి క్వింటాల్ మారింది. విప్లవానికి ముందు పారిస్ క్వింటాల్ 48.95 కిలోలు. స్పెయిన్‌లో కాస్టీల్ లిబ్రా 460 గ్రాములు కనుక అక్కడ 46 కిలోలు. పోర్చుగీసువాళ్ల లెక్క ఇంకోలా నడిచింది: 4 అరోబాలు, అంటే 128 అర్రాతెల్‌లు, అంటే 58.75 కిలోలు. పదహారో శతాబ్దంలో కొచ్చి రేవులో మిరియాలు కొన్నప్పుడు వాళ్ల చేతిలో ఉన్నది ఈ ‘కొత్త’ క్వింటాలుతో పాటు 51 కిలోలకు కాస్త పైనున్న ‘పాత’ క్వింటాలు కూడా. వంద అనే పేరు మిగిలిందే తప్ప లోపల వంద లేదు.

1795లో ఫ్రాన్సు చట్టం మీటరుకు, లీటరుకు, గ్రాముకు పేర్లు పెట్టింది. జనం మాత్రం పాత కొలతల్ని అంత తేలిగ్గా వదల్లేదు. 1837 జులై 4 నాటి చట్టం, 1840 జనవరి 1 నుంచి మెట్రిక్ తప్ప వేరే కొలత వాడకూడదని తేల్చిన తర్వాతే వ్యవహారం దారికొచ్చింది. క్వింటాల్ అనే పాత పేరును పారేయకుండా, కింద ఉన్న పౌనును తీసి కిలో పెట్టారు. వంద పౌన్లు వంద కిలోలయ్యాయి. పౌను దాదాపు అర కిలో కనుక ఒక్కసారిగా క్వింటాల్ బరువు రెట్టింపు దాటింది. పాత క్వింటాలా, కొత్తదా అన్న గందరగోళం పోవడానికే ‘మెట్రిక్ క్వింటాల్’ అనే పేరు పుట్టింది. ఈ రెట్టింపే ఇప్పటికీ దేశాల మధ్య లెక్కలు తప్పడానికి అసలు కారణం: కొన్ని దేశాలు పౌనునే అర కిలోగా సవరించుకుని వందను 50 కిలోల దగ్గర ఉంచాయి, కొన్ని పౌనును వదిలేసి 100 కిలోలకు ఎగబాకాయి, కొన్ని అసలు కదల్లేదు.

జర్మనీ మొదటి దారి పట్టింది. పందొమ్మిదో శతాబ్దంలో జర్మన్ రాజ్యాల సుంకాల సమాఖ్య పౌనును 500 గ్రాములుగా నిర్ణయించడంతో త్సెంట్నర్ 50 కిలోలైంది. 100 కిలోలకు ‘డబుల్ త్సెంట్నర్’ అన్నారు. ఇప్పుడు అక్కడి వ్యవసాయ గణాంకాల్లో దాన్ని డెసిటన్ను, అంటే టన్నులో పదోవంతు అని రాస్తారు. సరిహద్దు దాటి ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ వెళితే అదే జర్మన్ భాషలో, అదే త్సెంట్నర్ 100 కిలోలు. రష్యన్ త్సెంట్నెర్ కూడా 100 కిలోలే. సోవియట్ కాలపు పుస్తకాల్లో గోధుమ దిగుబడి హెక్టారుకు 20 త్సెంట్నెర్లు అని ఉంటే అది 2 టన్నులు. జర్మన్ అలవాటుతో చదివితే 1 టన్నుగా పొరబడతారు.

ఇథియోపియాలో ‘కుంతాల్’ అంటే మనకులాగే 100 కిలోలు, టెఫ్ ధాన్యం బస్తా ధర ఆ లెక్కలోనే చెబుతారు. ఇటలీ, ఫ్రాన్సు రైతులూ హెక్టారుకు ఇన్ని క్వింటాళ్లు అనే మాట్లాడతారు. కదలనివాళ్లలో ముఖ్యులు మధ్య అమెరికా కాఫీ రైతులు: వాళ్ల క్వింటాల్ నేటికీ 46 కిలోల పాత స్పెయిన్ బరువే. అమెరికాలో ‘హండ్రెడ్‌వెయిట్’ 100 పౌన్లు, 45.36 కిలోలు. షికాగోలో వడ్ల ఫ్యూచర్స్ (ముందస్తు ఒప్పందాల) ధర ఆ లెక్కలోనే పలుకుతుంది కనుక మన క్వింటాల్ ధరతో పోల్చాలంటే డాలర్ల అంకెను 2.2046తో గుణించాలి, ఆ తర్వాతే రూపాయల్లోకి మార్చాలి. బ్రిటన్ హండ్రెడ్‌వెయిట్ మళ్లీ వేరు, 112 పౌన్లు, 50.8 కిలోలు.

అన్నింటికన్నా మోసపోయేది ఈజిప్టు ‘కంతార్’ దగ్గర. అక్కడ దూదికి కంతార్ 50 కిలోలు, గింజ తీయని పత్తికి 157.5 కిలోలు. 157.5 కిలోల పత్తి ఆడిస్తే సుమారు ఒక కంతార్ దూది వస్తుందన్న అంచనా మీద కట్టిన కొలత ఇది. ఫెద్దాన్‌కు 8 కంతార్ల పత్తి పండిందని చదివిన తెలంగాణ రైతు, ‘మాకూ ఎకరానికి 8 క్వింటాళ్లు వస్తాయి, తేడా ఏముంది’ అనుకోవచ్చు. ఫెద్దాన్ 4,200 చదరపు మీటర్లు, అంటే 1.04 ఎకరాలు. 8 కంతార్లంటే 12.6 క్వింటాళ్లు. ఎకరానికి లెక్కేస్తే 12.1. పేరు వినడానికి దగ్గరగానే ఉంది, పంట మాత్రం ఒకటిన్నర రెట్లు.

మణుగు పోయి క్వింటాల్ వచ్చిన తీరు

తెలుగు నేలకు ఈ ఏకరూపత ఎందుకు అవసరమైందో పాత మణుగు చెబుతుంది. మద్రాసు పద్ధతిలో 120 తులాలు వీశె (1.4 కిలోలు), 8 వీశెలు మణుగు. అంటే మణుగు 11.2 కిలోలు. బెంగాల్ నుంచి ఉత్తరాదంతా నడిచిన రైల్వే మణుగు 80 తులాల శేర్లు నలభై, అంటే 37.32 కిలోలు. ఒకే మాట, మూడు రెట్ల పైచిలుకు తేడా. కోస్తా నుంచి కలకత్తాకు సరుకు పంపే వ్యాపారి ప్రతి ఉత్తరంలోనూ ఏ మణుగో రాయాల్సి వచ్చేది. రైతుకు ఆ వెసులుబాటు ఉండేది కాదు, కొనేవాడి రాయే కొలత.

1956 డిసెంబరులో తూనికలు కొలతల ప్రమాణాల చట్టం వచ్చింది. 1958 అక్టోబరు 1 నుంచి మెట్రిక్ తూకాలు దశలవారీగా మొదలై, 1962 నాటికి పాత రాళ్లు చట్టబద్ధత కోల్పోయాయి. పాత అలవాటున్నవాళ్ల లెక్కకు ఒక క్వింటాల్ రెండు మణుగుల 27 శేర్లు, మద్రాసు మణుగైతే దాదాపు 9 మణుగులు. హిందీ ప్రాంతాల్లో జనం దాన్ని ‘కుంతల్’ చేసుకున్నారు. మన దగ్గర మాటల్లో ‘కింటా’, ‘క్వింటా’ అయింది, రాతలో క్వింటాల్, బహువచనంలో క్వింటాళ్లు.

అంతర్జాతీయ ప్రమాణాల వ్యవస్థ తనతో పాటు వాడుకోవచ్చని ఒప్పుకున్న కొలతల జాబితాలో టన్ను ఉంది, క్వింటాల్ లేదు. అయినా భారత మార్కెట్లు దీన్నెందుకు పట్టుకున్నాయంటే, ధర చెప్పడానికి ఇది సరైన పరిమాణం. వడ్ల ధరలో 20 రూపాయల తేడా కిలోకు 20 పైసలై చేజారుతుంది, టన్నుకు చెబితే చిన్న రైతు అమ్మే సరుకుకు అంకె అతకదు. చెరకు దగ్గర మాత్రం ఈ వాదన నిలబడలేదు. 2025–26కు కేంద్రం 10.25 శాతం రికవరీ (చెరకు నుంచి దిగే చక్కెర శాతం) మీద క్వింటాల్‌కు 355 రూపాయలు ప్రకటిస్తే, చెరకు రైతులు దాన్ని వెంటనే టన్నుకు 3,550గా మార్చుకుని మాట్లాడతారు. ఎకరానికి పదుల టన్నులు దిగే పంటకు క్వింటాల్ చాలదు మరి.

పాత కొలతలు పూర్తిగా పోలేదు కూడా. దూది వ్యాపారంలో ధర నేటికీ క్యాండీకే. క్యాండీ అంటే 784 పౌన్లు, 355.6 కిలోలు. ఆ 784 ఎక్కడిదంటే, 112 పౌన్ల బ్రిటన్ హండ్రెడ్‌వెయిట్లు ఏడు. అంటే జిన్నింగ్ మిల్లు దగ్గర రైతు పత్తిని మెట్రిక్ వందలో అమ్ముతుంటే, అదే గేటు అవతల దూది ఇంగ్లిష్ వందలో అమ్ముడవుతోంది. రెంటినీ కలిపి చూడాలంటే, వంద కిలోల పత్తికి 34 కిలోల దూది వస్తుందనుకుంటే ఒక క్యాండీకి 10.46 క్వింటాళ్ల పత్తి కావాలి. క్యాండీ ధరను 10.46తో భాగిస్తే ఒక క్వింటాల్ పత్తిలోని దూది విలువ తెలుస్తుంది, దానికి గింజల విలువ కలిపి ఆడించే ఖర్చు తీసేస్తే మిల్లరు ఎంత వరకు పెట్టగలడో అంచనా దొరుకుతుంది. పత్తి అమ్మే ముందు చేయదగ్గ లెక్క ఇది. దూది శాతం 34 కాక 32 వస్తే అదే క్యాండీకి 11.1 క్వింటాళ్లు పడతాయి.

సంచి చిన్నదైంది, ధర మాత్రం వందకే

ఒకప్పుడు దేశంలో తిండిగింజల గోనె సంచి వంద కిలోలకు కాస్త అటూ ఇటూగా పట్టేది. ఒక సంచి దాదాపు ఒక క్వింటాల్. అంత బరువు మనిషి వీపు మీద మోయడం ఆరోగ్యానికి హాని. మగ కార్మికుడు మోసే బరువు 55 కిలోలు దాటకుండా చూడాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. 50 కిలోల సంచికి మారడం హమాలీలకు న్యాయమే, అందులో వెనక్కి వెళ్లాల్సింది ఏమీ లేదు. అయితే సంచి మారినా ధర చెప్పే కొలత మారలేదు. అప్పటి నుంచి తూచేది సంచి లెక్కన, చెల్లించేది క్వింటాల్ లెక్కన. తరుగు చోటు చేసుకునేది ఈ రెంటి మధ్యే.

కోస్తా జిల్లాల్లో వడ్ల బస్తా అంటే 75 కిలోలు. కొనుగోలు కేంద్రాల్లో 50 కిలోల గోనె సంచిలో వడ్లు తేలిక కాబట్టి 40 కిలోలే పోస్తారు. 75 కిలోల బస్తాల సంఖ్యను 0.75తో, 40 కిలోల సంచుల సంఖ్యను 0.4తో గుణిస్తే క్వింటాళ్లు వస్తాయి. సాధారణ రకానికి 2,369 చొప్పున 75 కిలోల బస్తా 1,776.75 రూపాయలు, 40 కిలోల సంచి 947.60 రూపాయలు. బస్తా ధర ఎవరైనా చెప్పినప్పుడు ఈ రెండు అంకెలు మనసులో ఉంటే మద్దతు ధరకు ఎంత తక్కువో వెంటనే తెలుస్తుంది.

ఇక తరుగు. సంచిలో 42 కిలోలు పోసి 40 రాసుకుంటే ‘సంచికి రెండు కిలోలేగా’ అనిపిస్తుంది. ఎకరంలో పండిన 2,800 కిలోలను ఇలా తూస్తే బిల్లులో పడేది 2,667 కిలోలు. 133 కిలోలు, అంటే 1.33 క్వింటాళ్లు, సుమారు 3,158 రూపాయలు పోయాయి. సంచి బరువుకు కొంత అదనంగా తూచడం సబబే, కానీ దానికీ హద్దుంది. కొత్త 50 కిలోల జనపనార సంచి బరువు సుమారు 580 గ్రాములు. క్వింటాల్‌కు రెండున్నర సంచులు, అంటే 1.45 కిలోలు. కాంటా మీద 40.58 కిలోలు చూపితే లోపల 40 కిలోల గింజ ఉన్నట్టు. ఖాళీ సంచులు పది కట్టగా కట్టి ఒకసారి తూచి సగటు తీస్తే పాత సంచులకైనా, ప్లాస్టిక్ సంచులకైనా అసలు బరువు తేలిపోతుంది. ఆ పైన తీసే ప్రతి గ్రాముకూ ఒక కారణం కాగితం మీద ఉండాలి.

తాలు, మట్టి, తేమ కారణాలే. వాటికి ప్రమాణాలున్నాయి: వడ్లలో తేమ 17 శాతం మించకూడదు, మట్టి రాళ్ల వంటివి 1 శాతం, గడ్డి చెత్త వంటివి 1 శాతం, పాలుపోసుకోని ముడతగింజ 3 శాతం, దెబ్బతిన్న, రంగుమారిన, మొలకెత్తిన గింజ అన్నీ కలిపి 5 శాతం, తక్కువ రకం ధాన్యం కలిసింది 6 శాతం. ఈ హద్దుల్లోపల ఉన్న ధాన్యానికి మద్దతు ధర పూర్తిగా రావాలి. హద్దు దాటిన సరుకును ఎండబెట్టి, తూర్పారబట్టి తేవాలి. కొలిచి చూపకుండా సంచికి ఇంత అని గుండుగుత్తగా కోయడానికి ఈ ప్రమాణాల్లో ఎక్కడా చోటు లేదు. కేంద్రంలో ప్యాడీ క్లీనర్, తేమ మీటరు ఉండేది అందుకే.

నీటి లెక్క శాతాల తీసివేత కాదు

తేమ విషయంలో ఎక్కువమంది చేసే తప్పు: 22 శాతం తేమ ఉన్న వడ్లు 17కు దిగితే 5 కిలోలు తగ్గుతాయనుకోవడం. తేమ శాతం మొత్తం బరువు మీద లెక్కించేది, ఎండేకొద్దీ ఆ మొత్తమే తగ్గుతుంది. మారనిది పొడి పదార్థం ఒక్కటే. కనుక 100 కిలోల్లో 78 కిలోల పొడి పదార్థం ఉంటే, ఎండిన తర్వాత ఆ 78 కొత్త బరువులో 83 శాతం అవ్వాలి. 78ని 83తో భాగించి 100తో గుణిస్తే 93.98 కిలోలు. తగ్గేది 6 కిలోలు. 20 నుంచి 17కు దిగితే 3.6 కిలోలు. ఇక్కడ అమ్మేవాడికీ కొనేవాడికీ ఒకే సూత్రం: (100 – ఇప్పటి తేమ) ÷ (100 – కావాల్సిన తేమ).

దీనితో ఒక నిర్ణయం తీసుకోవచ్చు. 20 శాతం తేమతో ఉన్న వడ్లను పచ్చిగానే కొంటానని వ్యాపారి క్వింటాల్‌కు 2,200 అన్నాడనుకుందాం. ఎండబెడితే ఆ క్వింటాల్ 96.39 కిలోలవుతుంది, 2,369 చొప్పున 2,283 రూపాయలు. తేడా 83 రూపాయలు. ఆరబోసే కూలీ, టార్పాలిన్ అద్దె, వాన ముప్పు ఆ 83 కన్నా తక్కువైతే ఎండబెట్టడం మేలు, ఎక్కువైతే పచ్చిగా అమ్మడంలో తప్పు లేదు. అలాగే 17 దగ్గర ఆపాల్సిన ధాన్యాన్ని 14కు ఎండగొడితే క్వింటాల్‌కు 3.5 కిలోల బరువు ఊరికే పోతుంది, ధర మాత్రం పెరగదు. నిల్వ పెట్టుకునేవాళ్లకే 14 అవసరం.

పత్తికి లెక్క ఇంకో రకం. భారత పత్తి సంస్థ 8 శాతం తేమకు పూర్తి ధర ఇస్తుంది, 12 దాటితే కొనదు, మధ్యలో ఒక్కో శాతానికి ధరలో ఒక శాతం కోస్తుంది. 2025–26కు పొడుగు పింజ పత్తి ధర 8,110. తేమ 12 ఉంటే 4 శాతం పోయి 7,785.60 వస్తుంది. పైన చెప్పిన సూత్రంతో చూస్తే 12 నుంచి 8కి దిగినప్పుడు నిజంగా తగ్గే బరువు 4.35 శాతం. అంటే ఈ కోత నీటి బరువుకు దాదాపు సరిపోయేదే, కాస్త రైతు వైపే మొగ్గుతుంది. అసలు నష్టం 12 దాటిన పత్తిని వెనక్కి తిప్పి పంపినప్పుడు, బయట వ్యాపారికి ఎంతకైనా ఇవ్వాల్సి రావడంలో ఉంది. ఉదయం మంచులో ఏరిన పత్తి నేరుగా బస్తాల్లో తొక్కితే మధ్యలో తేమ ఆరదు. తేమ మీటరు సూది ఏ లోతులో గుచ్చితే ఆ అంకె చూపిస్తుంది కాబట్టి బండిలో పైన, నడుమ, అడుగున కొలిచి సగటు తీయమని అడగాలి.

కాంటా ఎంత తప్పు చూపొచ్చు

‘కాంటాలో అటూ ఇటూ ఉంటుంది’ అన్న మాట వినిపించినప్పుడు, ఎంత ఉండొచ్చో నియమాల్లో అంకె ఉందని గుర్తుచేయాలి. మార్కెట్లో వాడే ఎలక్ట్రానిక్ కాంటాలు మూడో తరగతి ఖచ్చితత్వానివి. 100 కిలోల కాంటా 50 గ్రాముల విభాగంతో (అది చూపే అతి చిన్న మెట్టుతో) ఉంటే, 40 కిలోల సంచి దగ్గర తూనికలు కొలతల శాఖ ముద్ర వేసేటప్పుడు ఒప్పుకునే తప్పు ఒక విభాగం, అంటే 50 గ్రాములు. వాడకంలో తనిఖీ చేసినప్పుడు దానికి రెట్టింపు, 100 గ్రాములు. అది కూడా ఎక్కువవైపైనా తక్కువవైపైనా. సంచికి రెండు కిలోలు అంతకు ఇరవై రెట్లు, ఎప్పుడూ ఒకేవైపు. దాన్ని కాంటా మీద నెట్టడం కుదరదు.

60 టన్నుల వే బ్రిడ్జికి, అంటే ధర్మకాంటాకు, 10 కిలోల విభాగం ఉంటుంది. 60 క్వింటాళ్ల వడ్లతో ట్రాక్టరు 9.5 టన్నులు తూగితే ముద్ర సమయంలో తప్పు హద్దు 10 కిలోలు, ఖాళీ బండి 3.5 టన్నుల దగ్గర 5 కిలోలు. రెండూ రైతుకు వ్యతిరేకంగానే పడినా 6,000 కిలోల్లో 15 కిలోలు, పావు శాతం. వాడకంలో అర శాతం. అదే ధర్మకాంటా మీదకు 5 క్వింటాళ్ల సరుకుతో ఆటో ఎక్కితే, అంకెలను పదికి సవరించడంలోనే గరిష్ఠంగా ఒక శాతం దాకా, రెండు తూకాలూ కలిస్తే రెండు శాతం దాకా మారొచ్చు. తక్కువ సరుకును సంచి కాంటా మీదే తూయించాలి. బండి నిండుగా తూచినప్పుడు డ్రైవరు కిందికి దిగి, ఖాళీగా తూచినప్పుడు సీట్లో ఉంటే అతని 70 కిలోలు సరుకులోంచి పోయినట్టే. రెండుసార్లూ ఒకేలా ఉండాలి, రెండు చీటీల మీదా సమయం, బండి నంబరు ఉండాలి.

సంచి కాంటా దగ్గర తప్పులు పుట్టేది సాధారణంగా నేల వల్ల. కల్లంలో మెత్తటి మట్టి మీద పెట్టిన కాంటా ఒక కాలు దిగబడితే బరువు తక్కువ చూపుతుంది. కాంటాలోని నీటి బుడగ నడిమధ్య ఉందో లేదో చూడాలి. సంచి అంచు పక్క కుప్పకు గానీ, టార్పాలిన్‌కు గానీ తగిలితే కొంత బరువు అటు పోతుంది. ప్రతి పదీ ఇరవై సంచులకు కాంటా ఖాళీ చేసి సున్నా చూపుతోందో లేదో చూస్తే బ్యాటరీ మందగించడం, పళ్లెం మీద గింజలు పేరుకోవడం బయటపడతాయి. అనుమానం ఉంటే ముద్ర ఉన్న 20 కిలోల గుండును నాలుగు మూలలా పెట్టి చూడటం అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష. ఎలక్ట్రానిక్ కాంటాకు, వే బ్రిడ్జికి తూనికలు కొలతల శాఖ ముద్ర ఏటా పడాలి, మామూలు త్రాసు, గుండ్లకు రెండేళ్లకోసారి. ముద్ర తేదీ కాంటా మీదే కనిపించాలి.

తూకం అయ్యాక చేతికొచ్చే కాగితాన్ని తెలంగాణ మార్కెట్లలో తక్‌పట్టీ అంటారు, కోస్తాలో పట్టీ. దాని మీద సంచుల సంఖ్య, మొత్తం తూకం, సంచుల బరువు తీసివేత, నికర తూకం క్వింటాళ్లలో, ధర వేర్వేరుగా ఉండాలి. నికర తూకం ఒక్కటే రాసిస్తే తరుగు ఎక్కడ పోయిందో తర్వాత తేల్చే దారి లేదు. క్వింటాళ్ల తర్వాత చుక్క పెట్టి రెండు అంకెలు ఉంటాయి: 26.67 అంటే 26 క్వింటాళ్ల 67 కిలోలు. కొన్ని పట్టీల్లో 26–7 అని గీత పెట్టి రాస్తారు. అది 26 క్వింటాళ్ల 7 కిలోలు, దశాంశంలో 26.07. దాన్ని కంప్యూటర్లో 26.7గా ఎక్కిస్తే 63 కిలోలు ఎక్కువ పడతాయి. అసలు 26 క్వింటాళ్ల 70 కిలోలున్నవాడికి 26.07 ఎక్కితే అంతే బరువు పోతుంది, 2,369 ధరకు 1,492 రూపాయలు. కొనుగోలు కేంద్రం నుంచి మిల్లుకు వెళ్లే ట్రక్ షీట్‌లోని అంకె, రైతు పట్టీలోని అంకె, ఆన్‌లైన్‌లో ఎక్కిన అంకె మూడూ డబ్బు పడకముందే సరిచూసుకోవాలి, ఎందుకంటే మిల్లు దగ్గర బండి దింపేశాక ఆ ధాన్యాన్ని మళ్లీ తూచే వీలుండదు.